డబ్బా డాక్టరమ్మ

డబ్బా డాక్టరమ్మ ఎవరి గుమ్మం తొక్కినా "బాగున్నారా?" అని అడగదు. సంచీలోంచి మూతున్న తెల్లడబ్బా తీసి చేతిలో పెట్టి, "పట్టి ఇవ్వండి," అంటుంది. అందుకే ఆమె వీధి మలుపు తిరిగిందంటే చాలు, ఉన్నవాళ్లు లేనట్టు తలుపులు వేసుకుంటారు.

పట్టి ఇవ్వాల్సింది మూత్రం. ఈ పొద్దుటినుంచి మర్నాటి పొద్దుటిదాకా, బొట్టు పోకుండా.

డాక్టరమ్మ పెద్దన్నయ్యకు మాత్రం ఆ డబ్బా అందుకోవడం బిరుదు అందుకోవడమే. పల్లెటూరి బడిలో అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే పలక మీద దిద్దారు. ఆయన చదువు ఆ పలక దగ్గరే ఆగింది, ఆమెది సముద్రాలు దాటింది. గడ్డానికి సబ్బు రాయించుకుంటూ కూడా ఆయన నోరు కట్టుకోడు.

"మూడు బంగారు పతకాలయ్యా! పైదేశంలో ఉపన్యాసమిస్తే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు! మూత్రపిండం నెత్తిన టోపీలా ఓ గ్రంథి ఉంటుంది. అందులో ఊరే హార్మోను రవ్వంత అటూ ఇటూ అయితే ఒంట్లో ఉప్పంతా తారుమారు. మనిషి కుప్పకూలతాడు. దానిమీద మా చెల్లి పరిశోధన. అందులో నా డబ్బా కూడా ఉంది!"

"కదలకండి, తెగుతుంది," అంటాడు కత్తి పట్టినవాడు.

ఒకసారి నిండు డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు.

"ఏంటి పెద్దాయనా, నూనా?" అన్నాడు కండక్టరు.

"పరిశోధన!"

"అయితే పరిశోధనకి లగేజి టికెట్టు తీసుకోండి."

ఆ టికెట్టు ఇప్పటికీ ఆయన కళ్లజోడు పెట్టెలో భద్రంగా ఉంది.

ఇంతలో ఆయన చిన్నకూతురికి, బడిలో టీచరమ్మకి, మెట్లెక్కుతుంటే కాళ్లు చచ్చుబడసాగాయి. సుద్దముక్క పట్టుకున్న వేళ్లు కొంకర్లు పోయి విడేవి కావు. ఓ రోజు పాఠం మధ్యలోనే కూలబడింది. పరీక్ష చేస్తే రక్తంలో పొటాషియం అడుగంటింది.

"ఎటు పోతోందో తెలియాలి. ఇలాగే వదిలేస్తే గుండెకే మోసం," అంటూ డాక్టరమ్మ డబ్బా తీసింది. "పడిపోతున్నది బళ్లోనే కాబట్టి బడి ఉన్న రోజుదే కావాలి."

"చచ్చినా పట్టను అత్తా! అందరి ముందూ డబ్బా ఊపుకుంటూ బాత్రూముకి వెళ్లనా?"

తల్లి బతిమాలింది, తండ్రి పతకాలన్నీ ఏకరువు పెట్టాడు. పిల్ల కదల్లేదు. డాక్టరమ్మ సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే బళ్లో హెడ్మిస్ట్రెస్ గారికో డబ్బా, గుమాస్తాకో డబ్బా, డ్రిల్లు మాస్టారికో డబ్బా! స్టాఫ్ రూములో పేర్లు అంటించిన తెల్లడబ్బాలు బారులు తీరాయి.

"మీది సగం దాటిందా మేడమ్? నాది ఇంకా అడుగునే ఉంది," అని డ్రిల్లు మాస్టారు దిగులుపడ్డాడు.

చిన్నకూతురు పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే వెళ్లి తన డబ్బా తెచ్చి ఆ వరసలో పెట్టింది.

మూత్రపిండాలే పొటాషియాన్ని చిల్లుకుండల్లా కార్చేస్తున్నాయని తేలింది. మాత్రలు పడ్డాయి. నెల తిరక్కుండా పిల్ల మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

ఆ గెలుపులో తన వాటా చూసుకుందామని అన్నగారు ప్రయోగశాలకు వెళ్లాడు. చెల్లెలు ఆయన డబ్బాను తీరుబడిగా సింకులో ఒంపుతోంది.

"ఏయ్, అది నాది!"

"నీదే అన్నయ్యా. నువ్వు వేసుకునే బీపీ మాత్ర ఒంట్లో ఉప్పు మూత్రంలోకి తోడేస్తుంది, లెక్క తప్పుతుంది. నీది ఏనాడూ పనికిరాలేదు."

"ఏనాడూ?" ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "మరి హెడ్మిస్ట్రెస్ గారిది?"

"అదీ అంతే. నాకు కావలసింది ఒక్కదానిదే. ఒంటరిగా మొయ్యాలంటే సిగ్గుతో చస్తుంది. అందరూ మోస్తుంటే సిగ్గెవరికి?"

"అంటే నువ్వు డబ్బాలు పంచినప్పుడల్లా..."

"ఆ చుట్టుపక్కల ఎవరో సిగ్గుపడుతున్నట్టు."

"పరిశోధన అన్నావు కదే!"

"నేనెప్పుడన్నాను? అన్నది నువ్వు. నేను పట్టి ఇవ్వమన్నానంతే."

ఆయన అలిగాడు. గడ్డం గీసేవాడు సైతం కంగారుపడి, "ఇవాళ పతకాల్లేవాండీ?" అని అడిగాడు.

మళ్లీ డాక్టరమ్మ వచ్చింది. సంచీలో చెయ్యి పెట్టి తటపటాయించింది.

"ఎవరికి?" అన్నాడు అన్న.

"చెప్పకూడదు."

"పేరొద్దులే. ఏ వీధి?"

"మీ వీధే."

ఆయన డబ్బా లాక్కుని, భుజాన కండువా సర్దుకుని వీధినపడ్డాడు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా దాన్ని పతకంలా ఎత్తిపట్టుకుని నడిచాడు. పొద్దుటినుంచీ మూసి ఉన్న ఓ తలుపు ఓరగా తెరుచుకుంది.

"నాకూ ఒకటి ఇచ్చిందండీ," అంది లోపలినుంచి సన్నని గొంతు.

"మీకిదే మొదటిసారా?" అన్నాడు ఆయన, అరుగు మీద బాసింపట్టు వేస్తూ. "ఇటు రండి. ఇందులో నేను పండిపోయాను."