మాంజా కోసం దంచిన ట్యూబ్‌లైట్లు

నా చిన్నప్పుడు మా ఊరు చిట్కుల్‌లో పతంగుల కాలం వచ్చిందంటే పిల్లలమంతా కంపెనీల ప్రహరీల వెంట తిరిగేవాళ్లం. కాలిపోయిన ట్యూబ్‌లైట్లను అక్కడ కట్టెల్లా కుప్ప పోసేవాళ్లు. ఆ గాజు పలుచన, మెత్తగా నలుగుతుంది; పతంగి దారానికి పూసే మాంజాకు అంతకంటే మంచిది లేదని మా నమ్మకం. వద్దని ఎవరూ చెప్పలేదు. పారేసినవాళ్లకే పట్టనిది పిల్లలకెలా తెలుస్తుంది?

ఒక మధ్యాహ్నం ఇంటి వెనక రోట్లో వేసి దంచుతున్నాను. కాన్పు కోసం పుట్టింటికి వచ్చిన మా అక్క పక్కనే పీట వేసుకుని, ఆ పొడిని పాత చీర గుడ్డలో జల్లిస్తోంది. ఇంత చేసి పెట్టినా నీ పతంగే ముందు తెగుతుంది చూడమని ఎగతాళి చేస్తోంది కూడా.

ఒక కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేసే మా తాతయ్య అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అక్కను చేయి పట్టి లేపి, వాకిట్లోకి తీసుకెళ్లి చేతులు కడిగించి, చీర మార్చుకోమన్నాడు. తర్వాత వచ్చి నా చేతిలోంచి రోకలి తీసుకున్నాడు.

“ఈ లైట్లల్ల పాదరసం ఉంటదట కొడుకా. గది ఎంత చెడ్డదో నాకెరుక లేదు. ఎరుక లేనిదాన్ని కడుపుతోని ఉన్న పిల్ల ముంగట దంచుతమా?”

అమ్మ చీపురు తెస్తే దుమ్ము లేస్తుందని ఆపాడు. పొడినంతా తడిగుడ్డతో అద్ది, గుడ్డతో సహా గట్టి మూతున్న డబ్బాలో పెట్టాడు. తొక్కులు, పచ్చళ్లు నూరుకునే ఆ రోలును ఇక వాడొద్దన్నందుకు నానమ్మ కొన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు. డబ్బా ఎక్కడ పారేయాలని కంపెనీలో అడిగితే, వాగులో కలిపేయమన్నారట. అప్పటికే ఆ వాగు నీళ్లు పశువులు ముట్టేవి కావు.

“వాళ్లు కలిపింది సాలదా, నేను సుత కలపాల్నా?” అంటూ డబ్బాతోనే తిరిగి వచ్చాడు.

అక్కకు కాన్పయ్యేదాకా తాతయ్యకు ముద్ద దిగలేదు. పాపను ఒడిలో వేస్తే వేళ్లన్నీ తడిమి చూసుకుని, అన్నీ సరిగా ఉన్నాయని తేలాక అన్నం పెట్టమన్నాడు.

ఇప్పుడు నాకు దాదాపు ఆయన వయసు. ఇంట్లో ట్యూబ్‌లైటు పోతే కాగితం చుట్టి, ఎక్కడ ఇవ్వాలో అడగడానికి ఆఫీసుల చుట్టూ తిరుగుతాను. చెత్తబండిలో వేయక ఇంత దూరం ఎందుకొచ్చావు పెద్దాయనా అంటారు అక్కడివాళ్లు. ఆ చెత్తను వట్టి చేతులతో ఏరే ఆడవాళ్లు లేరా? వాళ్లలో కడుపుతో ఉన్నవాళ్లు ఉండరా? అడిగి అడిగి అలసిపోయాను. అయినా ఆ లైటుతోనే మళ్లీ బస్సెక్కుతాను. పక్కవాళ్లు నవ్వుతూనే జరిగి చోటిస్తారు. ఇంటికి చేరేదాకా అది పగలకుండా పట్టుకుని కూర్చుంటాను.