జూన్ ఒకటి పిల్లల బడి చరిత్ర

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు, ఎదురుగా ఒక మనిషి ఉంటే చాలు. (ఇప్పుడూ వస్తుంది. కాకపోతే మోకాళ్ల నొప్పుల వల్ల లేచి నిలబడేలోగా సగం చల్లారిపోతుంది.) లోకంలోని అబద్ధాలన్నీ పట్టుకోవడానికే దేవుడు నన్ను నాంపల్లికి పంపించాడని నమ్మేదాన్ని. నిజానికి పంపింది దేవుడు కాదు, టీచర్ల కౌన్సెలింగు. నాంపల్లి స్టేషనుకూ ఆబిడ్స్‌కూ నడుమ ఒక గల్లీలో ఉన్న సర్కారు హైస్కూల్లో తెలుగు టీచరుగా నా మొదటి పోస్టింగు. ఆ బడి పెట్టినప్పుడు ఊరంటే మూసీ అవతలే, ఇటుపక్కంతా శివారు. నేను చేరేసరికి చుట్టూ లాడ్జీలూ జిరాక్సు సెంటర్లూ మొలిచి, బడి గేటు ఎక్కడుందో పిల్లలకు తప్ప ఎవరికీ తెలియకుండా పోయింది.

ఆ ఏడు, పిల్లలు తగ్గిన బడులను పక్క బడుల్లో కలిపేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. పాత బడులైతే చరిత్ర రాసి పంపండి, ఆలోచిస్తాం అని దాని అడుగున ఒక ముక్క. రిటైర్మెంటుకు దగ్గరపడిన మా హెడ్మాస్టరు (అందరికీ ఆయన పెద్దసారు) ఆ ముక్కను పట్టుకుని నన్ను పిలిచి, తెలుగు చెప్పేదానివి కదా, నాలుగు పేజీలు రాయమన్నారు. బడి ఎప్పుడు పెట్టారని అడిగాను. గేటు మీద ఒక సంవత్సరం ఉంది, ఆఫీసు గోడ మీద ఇంకొకటి, నీళ్ల తొట్టి మీద మూడోది. సున్నం వేసినప్పుడల్లా ఒక్కో పెయింటరు వచ్చి తనకు తోచిన అంకె వేసి పోయాడట. మూడింట్లో పాతది రాసెయ్యమన్నారు పెద్దసారు. ఆధారం లేకుండా రాయనన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నామీద కోపం వచ్చినప్పుడు ఆయన చేసే పని అదేనని నాకు తర్వాత తెలిసింది.

ఆధారం కోసం పాత అడ్మిషను రిజిస్టర్లు దింపించాను. దింపింది మా అటెండరు. గంట కొట్టేది ఆవిడే కాబట్టి పిల్లలు గంటమ్మ అనేవాళ్లు, నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఇనప పెట్టెలోంచి ఒక్కొక్క రిజిస్టరూ తీసి, కొంగుతో తుడిచి అందించింది. అన్నీ ఉర్దూలో ఉన్నాయి. పొద్దుటి షిఫ్టులో ఉర్దూ మీడియం పిల్లలకు చెప్పే సారు దయతలచి పక్కన కూర్చుని చదివిపెట్టారు. మొదటి పేజీలు చెదలు తినేశాయి, బడి పుట్టిన తేదీ వాటి కడుపులోకే పోయింది. మిగిలిన పేజీల్లో పిల్లల పుట్టిన తేదీల దగ్గరకొచ్చేసరికి ఆయన గొంతులో నిద్ర దిగింది. పహలీ జూన్, పహలీ జూన్, ఇది గూడ జూన్ ఒకటే టీచర్ అంటూ పోతున్నారు. పేజీకి ఇరవై మంది పిల్లలుంటే పద్దెనిమిది మంది జూన్ ఒకటినే పుట్టారు.

పుట్టిన రోజు ఎవరికీ తెలియకపోతే హెడ్మాస్టర్లు ఆ తేదీ వేసేస్తారని ఆయన తాపీగా చెప్పారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత దొంగ పుస్తకాన్ని ఇన్నేళ్లు ఇనప పెట్టెలో దాచారా అని, ఇంటికెళ్లి నాలుగు పేజీలు ఒక్క ఊపున రాశాను. ఈ బడికి పుట్టిన తేదీ లేదు, ఇందులో నమోదైన తేదీలేవీ నమ్మదగ్గవి కావు అన్నది మొదటి వాక్యం. (ఎంత మురిసిపోయానో ఆ వాక్యానికి.) పెద్దసారు రెండుసార్లు చదివారు.

"నిజమే బిడ్డా. గాని వాళ్లు నిజం అడుగలే, చరిత్ర అడిగిన్రు."

ఆయన ఎక్కడ దిద్దేస్తారోనని, నేనే ఆబిడ్స్ పోస్టాఫీసుకు వెళ్లి రిజిస్టరు పోస్టులో పంపేశాను. గుమాస్తా రసీదు ఇస్తే పతకం అందుకున్నట్టు అందుకున్నాను.

పై ఆఫీసు వాళ్లు చరిత్ర గురించి ఒక్క మాటా అనలేదు. నెల తిరిగేసరికి మెమో వచ్చింది. తేదీలు నమ్మదగ్గవి కావని బడే రాసి ఇచ్చింది గనుక, ఆ బడి సర్టిఫికెట్టుతో ఉద్యోగంలో చేరినవాళ్లు తమ వయసు రుజువు చేసుకోవాలి, అంతవరకు జీతం ఆపాలి. అలాంటి మనిషి మా బడిలో ఒక్కతే, చిన్నప్పుడు అక్కడే చదివిన గంటమ్మ. పెద్దసారు నావైపు చూడకుండా గంటమ్మకు మెమో చదివి వినిపించారు. తిట్టినా బాగుండేది.

ఆవిడ నేరుగా నా దగ్గరకే వచ్చి, జవాబు ఇంగ్లీషులో రాసిపెట్టమంది. తేదీ ఎలా రాశారో అడిగాను.

"మా నాయిన టేషన్ల హమాలి. నన్ను తోల్కొచ్చిండు. అప్పటి సారు నా చెయ్యి తలమీదికెల్లి పెట్టి, అవుతలి చెవు ముట్టుకొమ్మన్నడు. అందింది. రాసుకున్నడు."

చెవి అందితే బడికొచ్చే ఈడు వచ్చినట్టే లెక్క. అంతకుమించి ఆ పిల్లకు ఏ కాగితమూ లేదు. ఈ మెమోకు కారణం నేనేనని అప్పుడు చెప్పాను. ఆవిడ వెళ్లి గంట కొట్టింది. ఆ రోజు మూడో పీరియడు గంట రెండు నిమిషాలు ఆలస్యమైంది.

మర్నాడు ఇద్దరం పై ఆఫీసుకు వెళ్లాం. సూపరింటెండెంటు ఫైలు తిప్పుతూ, ఎప్పుడు పుట్టిందో ఆమెనే చెప్పమన్నాడు.

"గప్పుడు నేను మస్తు చిన్నగుంటి సార్. యాదికి లేదు," అంది గంటమ్మ.

ఆవిడ వేళాకోళం ఆడలేదు. సెక్షనంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వుకు వచ్చినంత కోపం నాకు జన్మలో రాలేదు. నిలబడి, ఈ సెక్షన్లో జూన్ ఒకటిన పుట్టినవాళ్లు ఎంతమంది, వాళ్ల జీతాలు కూడా ఆపుతారా అని అడిగాను. నవ్వు ఆగింది. ఒకాయన సొరుగులో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. టైపు చేసే మేడమ్ చెయ్యి ఆగిపోయింది. గుమ్మం దగ్గరి ప్యూను మాత్రం, నాది గూడ గదే మేడమ్ అని మర్యాదగా ఒప్పుకున్నాడు. సూపరింటెండెంటు పుట్టినరోజు నేను అడగలేదు, ఆయన చెప్పనూ లేదు. గొంతు తగ్గించి, ఫైలు మూయడానికి ఒక్క కాగితం కావాలన్నాడు. చరిత్ర రాసినామె తెలియక రాసిందని, రిజిస్టరులోని తేదీలన్నీ సరైనవేనని.

రాశాను. ఒక్క బడి పుట్టిన సంవత్సరం ఆధారం లేకుండా రాయనన్నదాన్ని, ఊరూ పేరూ తెలియని పిల్లలందరూ జూన్ ఒకటినే పుట్టారని సంతకం పెట్టి మరీ ఒప్పుకున్నాను. పళ్లు కొరికిన కొరుకుడికి దవడ రెండు రోజులు నొప్పి పెట్టింది. మెమో వెనక్కి తీసుకున్నారు.

మెట్లు దిగుతూ గంటమ్మ ఆగింది.

"కోపం మంచిదే టీచరమ్మా. గాని నా తేది నేను రాసుకున్ననా? సదువుకున్నోళ్లే రాసిన్రు, సదువుకున్నోళ్లే తప్పన్నరు. మీరు మీరు కొట్లాడుకోండ్రి. నడుమ నన్నెందుకు పెట్టిన్రు?"

ఆ మెట్ల మీదే తలొంచుకుని నిలబడ్డాను. అంతకుముందు నాకలా ఎప్పుడూ జరగలేదు.

చరిత్ర పెద్దసారే మళ్లీ రాసి, ముగ్గురు పెయింటర్లలో పాతవాడి మాట నమ్మి పంపారు. బడి మిగిలింది. నాలుగేళ్ల తర్వాత గంటమ్మ రిజిస్టరు చెప్పిన వయసుకే, పూర్తి పెన్షనుతో దిగిపోయింది. చెయ్యి చెవికి అందిందో లేదో చూడకుండా మనుషుల జీతాలు ఆపేవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. ఎవరి మీదైనా కాగితం రాయబోతే, దాని కింద ఎవరు నలుగుతారో అని ఒకసారి ఆగుతాను. ఆగి, మళ్లీ రాస్తాను. ఇక ఆ పోస్టాఫీసు మెట్లు తల ఎగరేసుకుని దిగిన పిల్ల టీచరుంది చూశారూ, దాన్ని తలుచుకున్నప్పుడల్లా గట్టిగా తిట్టాలనే మొదలుపెడతాను. ఇంకో ఆఫీసు మెట్ల మీద, హమాలీ కూతురి ముందు అది తలొంచుకుని నిలబడ్డ తీరు కళ్లముందుకొస్తుంది. పాపం, ఇరవై మూడేళ్లది. నవ్వొచ్చి, తిట్టు సగంలో ఆగిపోతుంది.