హెడ్‌ఫోన్లకు వచ్చిన గవదబిళ్ళలు

రాని జబ్బు ఎలా నయమైందో నిండు సంఘం ముందు మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాల్సిన గతి మీలో ఎవరికైనా పట్టిందా? నాకు పట్టింది. అది కూడా నేను చేజేతులా ఏరి కోరి, మెత్తగా ఉందో లేదో నొక్కి చూసుకుని మరీ తెచ్చుకున్న గతి. ఇది చదివాక నేనెక్కడైనా ఎదురైతే నా బుగ్గల వంక చూడకుండా పలకరించండి. నేను కోరేది అంతే.

అప్పట్లో మేం లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న రైల్వేలో గుమాస్తా, ఆదివారాల్లో చర్చిలో సంఘ పెద్ద. ఇంట్లో అమ్మ, నాయనమ్మ, నేను. నేను దగ్గర్లోని ఒక బడిలో లెక్కలు చెబుతుండేదాన్ని. వయసు ఇరవై మూడు, తెలివి అందులో సగం.

నాన్న లెక్కలో ప్రపంచంలో పాటలు రెండే రకాలు. కీర్తనలు ఒకటి, లోకపు పాటలు రెండోది. సినిమా పాటలన్నీ రెండో రకం కనుక మా గుమ్మం దాటి లోపలికి రాకూడదు. నాకేమో లోకపు పాటలంటే లోకమంత ప్రేమ. గోడకు చెవులుంటాయంటారు గానీ, మా క్వార్టర్స్‌లో గోడలకు నోళ్ళు కూడా ఉండేవి. ఈ ఇంట్లో ఈల వేస్తే మూడో ఇంట్లో వాళ్ళు రాగం దిద్దేవాళ్ళు.

జేబులో పట్టే చిన్న క్యాసెట్ ప్లేయరు ఒకటి సంపాదించాను. దాంతో వచ్చిన హెడ్‌ఫోన్లు మాత్రం పలచని స్పాంజి ముక్కలు. నా చెవిలో పాట మోగితే పక్కవాళ్ళకు దాని ఎముకలు వినిపించేవి. చిక్ చిక్ చిక్ అని. ఒక రోజు నేను మంచం మీద ముసుగు తన్ని వింటుంటే నాయనమ్మ అమ్మను కేకేసింది.

"ఏమ్మోయ్, పోపు మాడిపోతుంది చూడు!"

"పొయ్యే వెలిగించలేదు అత్తయ్యా!"

"మరి ఆ చిటపటలేంటి? నాకు చెవుడనుకున్నావా?"

ఇద్దరూ వంటింట్లో లేని పోపు కోసం వెతుకుతుంటే నేను దుప్పటి కింద ఊపిరి బిగబట్టి పడుకున్నాను. మర్నాడు బడిలో సైన్సు చెప్పే విజయలక్ష్మితో నా గోడు వెళ్ళబోసుకున్నాను. విజయలక్ష్మికి తెలియనిది లేదు. తెలియనిది ఉంటే అప్పటికప్పుడు తెలిసేసుకునేది.

"వాటికి వెనక చిల్లులుంటాయి రూతూ. గాలితో పాటు పాటా బయటికి పోతుంది. చెవి మొత్తం కప్పేసి, వెనక పూర్తిగా మూసేసి ఉన్నవి కొనుక్కో. లోపలి పాట బయటికి రాదు."

"బయటి మాట లోపలికి వస్తుందా?"

"రాదు. సుఖమంతా అందులోనే ఉంది!"

ఆ సుఖమే నా కొంప ముంచింది. కొంచెం ఆగండి, ముందు కొననివ్వండి.

రాష్ట్రపతి రోడ్డులో యాదగిరి అనే ఆయనకు ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టు ఉండేది. పెళ్ళికొడుకును చూసుకోవడానికి కూడా నేను తర్వాత అంత శ్రద్ధ పెట్టలేదు. నా సొంత క్యాసెట్ పట్టుకెళ్ళాను.

"గివి పెట్కొని సూడుండ్రి మేడం. బేస్ మస్తుగుంటది" అన్నాడు యాదగిరి.

పెట్టుకున్నాను. మస్తుగానే ఉంది. పాడుతున్నాయన పాడుబడ్డ బావిలో పడి, తాడు వేయండి బాబూ అని మొర పెట్టుకుంటున్నట్టుంది. తీసేశాను. రెండో జతలో పాట చక్కగా ఉంది గానీ పట్టు నిమ్మకాయ పిండే పట్టు. కళ్ళజోడు కాడలు రెండూ కణతల్లోకి దిగిపోయాయి.

"బాగా బిగుతుగా ఉందండీ."

"జెర ఓపిక పట్టుండ్రి. వారం దినాలల్ల సదురుకుంటది."

"ఏది? హెడ్‌ఫోనా, నా తలా?"

"ఏదో ఒకటి సదురుకుంటది గదా మేడం!"

మూడో జత పెట్టుకున్నాను. ఆహా! ఒక్కో దిండూ ఇరానీ హోటల్ బన్నంత ఉంది. కళ్ళజోడును నొప్పించకుండా చెవిని కడుపులో పెట్టుకుంది. పాట మొదలయ్యే ముందు గాయని తీసుకున్న ఊపిరి కూడా వినిపించింది. ఆ ఊపిరికే నేను అమ్ముడుపోయాను. ఇక మిగిలింది అసలు పరీక్ష, పాట బయటికి పొక్కుతోందా లేదా అని. శబ్దం పూర్తిగా పెంచి యాదగిరిని అడిగాను.

"వినిపిస్తోందా?"

ఆయన చేతులు ఊపుతూ ఏదో అన్నాడు. నాకు వినపడలేదు.

"అబ్బా, పాట వినిపిస్తోందా అని అడుగుతున్నాను!"

రోడ్డు మీద పోతున్న రిక్షా ఆగింది. ఎదురు కొట్లో చీరలు బేరమాడుతున్నవాళ్ళు ఇటు తిరిగారు. యాదగిరి హెడ్‌ఫోను ఒక పక్కకు లాగి చెప్పాడు.

"పాట ఇనబడ్త లేదు మేడం. మీరే ఇనబడ్తున్రు, ప్యారడైజ్ చౌరస్తా దాకా!"

దేవుడు పంపిన హెచ్చరిక అది. నేను దాన్ని హెడ్‌ఫోన్లతో పాటు సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

డిసెంబరు నెల, చలి మొదలైంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పైన ఊలు స్కార్ఫు కప్పి గడ్డం కింద ముడి వేసుకుంటే ఎవరికీ అనుమానం రాదు. తీగ స్వెట్టర్లోకి, ప్లేయరు జేబులోకి. ఆ శనివారం సాయంత్రం వరండాలో చాప వేసుకుని, అర్ధ సంవత్సర పరీక్ష పేపర్లు దిద్దుతూ, నా తెలివికి నేనే మురిసిపోతూ కూర్చున్నాను. చెవుల్లో మంచి ఊపున్న వాన పాట. తల దానంతటదే తాళం వేస్తోంది.

నాయనమ్మ వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి. నాయనమ్మ మాటలకు వినకపోయినా తల ఊపడం మా ఇంటి పూర్వాచారం కనుక నేను తలెత్తలేదు. ఆ రోజు జరిగిన సంభాషణ ఇదని అమ్మ తర్వాత చెప్పింది.

"ఏమే రూతూ, ఆ దవడలేంటే అలా పొంగిపోయాయి?"

నా తల ఊగింది.

"నెప్పెడుతున్నాయా?"

ఊగింది.

"మింగుడు పడట్లేదా తల్లీ?"

ఊగింది.

"జొరం కూడా ఉందా?"

సరిగ్గా అప్పుడే పాటలో డోలు జోరందుకుంది. నా తల కూడా అందుకుంది.

"అయ్యబాబోయ్, ఎంత గట్టిగా చెబుతుందో! ఒసేయ్ కోడలా, పిల్లకు గవదబిళ్ళలే!"

తాను ఒకటి తలిస్తే నాయనమ్మ ఇంకొకటి తలుస్తుంది. అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి చూసింది. చెరో పక్క చెరో బన్నంత వాపు. పక్క వరుసలో దీవెనమ్మ ఆంటీ ఇంట్లో స్త్రీల సమాజం ప్రార్థన జరుగుతుంటే అమ్మ అక్కడికి కబురు పెట్టింది. దీవెనమ్మ ఆంటీ ఆ సమాజానికి అధ్యక్షురాలు. ఆమె ప్రార్థన మొదలుపెడితే ఆదికాండంలో బయలుదేరి, దారిలో అన్ని స్టేషన్లలో ఆగుతూ, ప్రకటన గ్రంథం చేరాక గానీ ఇంజను ఆపదు.

వాన పాట అయిపోయింది. నేను తలెత్తాను.

వరండా నిండా చీరలు. చీరల మధ్య బైబిలు పట్టుకుని నాన్న. అందరూ నన్నే చూస్తూ కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. నేను చచ్చిపోయానేమో అనుకున్నాను. స్కార్ఫులో వేలు దూర్చి, గోక్కున్నట్టు నటిస్తూ ఒక దిండు కాస్త పైకెత్తాను. "గవదబిళ్ళలు" అన్న మాట చెవిన పడింది.

దీవెనమ్మ ఆంటీ నా నడినెత్తి మీద చెయ్యి వేసి ఉలిక్కిపడింది.

"నెత్తి మీద కూడా వంతెనలాగా గట్టిగా తేలిందమ్మా! ఎముకలోకి పాకేసింది!"

నాయనమ్మ గొల్లుమంది. నిజం చెప్పాలంటే లోకపు పాటల సంగతి నాన్న ముందు బయటపెట్టాలి. చెప్పకపోతే ఎముక జబ్బుతో చావాలి. రెండిట్లో చావే తేలిక అనిపించింది.

"అందరూ కళ్ళు మూసుకోండి" అంది ఆంటీ, రెండు చేతులూ పైకెత్తి.

కళ్ళు మూసుకోవడం! నా ప్రాణం లేచి వచ్చింది. ఆమె ఆదాము దగ్గర ఉండగా ముడి విప్పడం మొదలుపెట్టాను. నోవహు ఓడ ఎక్కేసరికి తీగ బయటికి లాగాను. ఐగుప్తు దాటుతుండగా కళ్ళజోడు కాడ దిండులో ఇరుక్కుంది. దావీదు రాజయ్యాడు, పదవి దిగాడు, అదింకా ఊడిరాలేదు. చివరికి కొంత జుట్టు బలిచ్చి హెడ్‌ఫోన్లు లాగేసి పేపర్ల సంచీలో కుక్కి, స్కార్ఫు మళ్ళీ కట్టుకున్నాను.

"ఆమెన్."

అందరూ కళ్ళు తెరిచారు. నా దవడలు రొట్టెల పీటలా చదునుగా ఉన్నాయి.

నాయనమ్మ వేసిన "హల్లెలూయా!"కు చెట్టు మీది కాకులు లేచిపోయాయి. ఎప్పుడూ నా వంక సూటిగా చూసి నాలుగు మాటలు మాట్లాడని నాన్న వచ్చి నా తల మీద చెయ్యి వేశాడు. అప్పుడు నోరు తెరిచి నిజం చెప్పాల్సింది. తెరిచాను.

"దాహంగా ఉంది" అన్నాను.

"రేపు ఆరాధనలో సాక్ష్యం చెప్పాలి రూతమ్మా" అంది ఆంటీ. "ఆమెన్" అంది వరండా అంతా.

మర్నాడు గుడికి హెడ్‌ఫోన్లు కూడా నా చేతిసంచీలోనే వచ్చాయి. ఇంట్లో వదిలితే నాయనమ్మ చేతికి దొరుకుతాయని భయం. ఏదో రెండు ముక్కలు గొణిగి దిగిపోదాం, సాక్ష్యం అన్నాక వివరాలడగరు కదా అని నాకు నేను ధైర్యం చెప్పుకుంటున్నాను. గుడి ఆవరణలో సుగుణ అనే ఆమె ఎదురొచ్చింది. బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయలమ్ముతుంది. ఆమె చంకలో నాలుగేళ్ళ కూతురు, తలకు తువ్వాలు కట్టి ఉంది.

"అక్కా, నీ సంగతి ఇన్న. మా బేబీకి సుత గవే బిళ్ళలు. పొద్దుగాల దవాఖానకు పోదమని ఎల్లినం. గని ఆంటీ చెయ్యి పెడ్తె గింతల్నే తగ్గిందంట గద నీకు? ఇగ దవాఖాన ఎందుకని ఇటే వచ్చిన."

"జ్వరం ఉందా?"

"మస్తు కాల్తున్నది. రాత్రి సంది నీళ్ళు సుత తాగుత లేదు."

పిల్లను ఎత్తుకున్నాను. భుజం మీద నిప్పుల కుంపటి పెట్టినట్టుంది. నా చెంపకు తగిలిన ఆ బుగ్గ వాపు బన్నూ కాదు, దిండూ కాదు. పిల్ల మూలిగింది. ఇప్పటి దాకా నన్ను చూసి నవ్వారు కదా, ఈ ఒక్క చోట ఆగండి. నేనూ ఆగాను.

అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, నా పేరు పిలిచారు. మైకు దగ్గరికి వెళ్ళాను. మొదటి వరుసలో నాన్న, కొత్త చొక్కా వేసుకుని. సంచీలోంచి హెడ్‌ఫోన్లు తీసి తలకు పెట్టుకున్నాను. పైన స్కార్ఫు కప్పి గడ్డం కింద ముడి వేసి సంఘానికి అటు ఒకసారి, ఇటు ఒకసారి తిరిగి చూపించాను.

"ఇవే నా గవదబిళ్ళలు. వీటిలో సినిమా పాటలు వింటున్నాను. నాయనమ్మ అడిగింది నాకు వినపడలేదు. పాటకు తల ఊపాను. సుగుణగారూ, పాపను వెంటనే డాక్టరుకు చూపించండి" అన్నాను.

చెవులు మూసుకుపోయి ఉన్నాయి కనుక ఎంత గట్టిగా అన్నానో తెలియలేదు. ఆ వేళ లాలాగూడ వర్క్‌షాపులో డ్యూటీలో ఉన్నవాళ్ళకు కూడా నా సాక్ష్యం అందిందని తర్వాత చెప్పుకున్నారు.

హెడ్‌ఫోన్లు తీశాను. అప్పుడు దీవెనమ్మ ఆంటీ లేచి నిలబడింది. భూమి చీలితే బాగుండుననుకున్నాను.

"సంఘస్థులారా, నిన్న మనం ఏమని ప్రార్థించాం? ఈ పిల్ల చెవులకు పట్టింది వదిలిపోవాలని ప్రార్థించాం. వదిలిందా, లేదా?"

"వదిలింది!" అన్నారు స్త్రీల సమాజం వాళ్ళు ఒక్క గొంతుతో.

"దేవునికి స్తోత్రం. ఇక ఆటో పిలవండి. పాపతో నేనూ వెళ్తాను" అని ఆంటీ కొంగు దోపుకుంది. వెళ్తూ వెళ్తూ నా చెవి మెలిపెట్టింది. ఆ చెయ్యి మహిమ గలదే, వారం పాటు నొప్పి తగ్గలేదు.

బేబీకి మందులిచ్చారు, జ్వరం దిగింది. గుడి నుంచి ఇంటికొచ్చాక నాన్న గుమ్మం దగ్గర ఆగి, "అంత తల ఊపాల్సిన పాటేంటది?" అని అడిగాడు.

"వాన పాట, నాన్నా."

"సిగ్గు లేకపోతే సరి" అని హెడ్‌ఫోన్లు తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

కథ ఇక్కడితో అయిపోతే నేను అదృష్టవంతురాలినే. రెండు మూడు వారాలు గడిచాక ఒక ఉదయం లేచేసరికి నోరు తెరుచుకోలేదు. ఒళ్ళు కాలిపోతోంది. చెవుల కింద చెరో పక్క చెరో వాపు. ఆ రోజు నేనెత్తుకున్న బేబీ తన జబ్బులో నాకూ వాటా పెట్టింది. ఏడుస్తూ అందరి ముందుకూ వెళ్ళాను.

అమ్మ చూసి పప్పు గిన్నెలోకి తల తిప్పుకుంది. నాన్న పేపరు దించలేదు. నాయనమ్మ గబగబా వచ్చి నా దవడను రెండు వేళ్ళతో పట్టి లాగింది.

"తియ్యవే! తియ్యి! ఈసారి ఒంటి రంగువి కొన్నావా?"

నాన్న బీరువా తెరిచి హెడ్‌ఫోన్లు లోపలే ఉన్నాయని కళ్ళారా చూశాక గానీ నాకు జబ్బు చేసిందని ఆ ఇంట్లో తీర్మానం కాలేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికినన్నాళ్ళూ మెత్తని హెడ్‌ఫోన్లే కొంటాను, మంచి పాటలే వింటాను, తాళమూ వేస్తాను. కానీ ఎంతటి డోలు మోగినా, ఎంతటి వాన కురిసినా, ఇక మీదట నా తల నిలువుగా ఊపను. అడ్డంగానే ఊపుతాను.