అమ్మ బోర్లించిన పలక

మనవరాలు పలక తుడుస్తుంటే ఆ తడి వాసనకు అమ్మ గుర్తొచ్చింది.

అరవయ్యేళ్ళ కిందట, పులికాట్ ఒడ్డున మా పల్లెకు తడ నుంచి ఒక అక్క వచ్చి మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు ఊరికే చదువు చెప్పేది. ఊరికే ఎవరు చెప్తారు, ఇందులో ఏదో ఉందని నా అనుమానం. పైగా నన్ను చూడగానే అమ్మ పలక బోర్లించేది. నా అల్లరంతా రాసి ఆ అక్కకు చూపిస్తోందనుకున్నాను.

ఒకరోజు పలక లాక్కున్నాను. వంకర అక్షరాల్లో ‘పోలయ్య’ అని నాన్న పేరుంది.

“మొగుడి పేరు నోటితో అనకూడదు గానీ, రాస్తే తప్పులేదంట. అక్క చెప్పింది,” అంది అమ్మ తల వంచుకుని.

వల బాగుచేసుకుంటున్న నాన్నకు చదివి వినిపించాను. ఆయనకు అక్షరం ముక్క రాదు. పలక తీసుకుని చాలాసేపు చూశాడు. అమ్మ తుడవబోతే, “ఉండనీ” అన్నాడు.

మర్నాడు అమ్మ పలక లేకుండానే చదువుకు పోయింది.