పప్పులో నానిన అప్పడం

మా ఆయన అప్పడం కొరికాడు. నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

జరిగింది అంతే. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆదివారం మధ్యాహ్నం, మానుకోటలో మా ఇంట్లో ఇద్దరం నేల మీద కూర్చుని తింటున్నాం. తింటున్నాం అనడం కూడా ఎక్కువే. ఆయన తింటున్నాడు, నేను చిన్న గిన్నెలో మెత్తగా పిసికిన పప్పన్నాన్ని చెంచాతో కెలుకుతున్నాను. కరకరమని చప్పుడు వినబడగానే ఎక్కడ లేని కోపం తన్నుకొచ్చింది. "గంత సప్పుడు చెయ్యకపోతే నీకు ముద్ద దిగదా?" అని అరిచాను. అరిచి, గదిలోకి పోయి, తలుపు వేసుకుని ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నావని ఎవరైనా అడిగినా నా దగ్గర జవాబు లేదు.

అప్పటికి నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయి మూడు నెలలు కావస్తోంది. హైదరాబాద్‌లో ఒక దవాఖానలో నా పొట్టలో చాలా భాగం కోసి తీసేశారు. మిగిలింది అరటిపండంత. నేను సర్కారు బడిలో టీచర్ని. మోకాళ్లు మొరాయించి, మెట్లెక్కితే ఊపిరాడక, షుగర్ మాత్రలు ఏటేటా పెరిగి, చివరికి ఆ దారి పట్టాను. అనుకున్నట్టే బరువు దిగింది. మాత్రలు తగ్గాయి. బడిలో పైఅంతస్తు క్లాసు నాకు వద్దని బతిమాలుకోవడం మానేశాను. ఇంత మంచి జరిగితే మనిషి సంతోషంగా ఉండాలి కదా! నేను మాత్రం పొద్దున ఉన్నట్టు మధ్యాహ్నం లేను, మధ్యాహ్నం ఉన్నట్టు సాయంత్రం లేను. పాలు పొంగితే ఏడుపు, పొంగకపోతే విసుగు.

అంతకుముందు నాకు అన్నింటికీ ఒకటే మందు ఉండేది. హెడ్మాస్టర్ మీద కోపం వస్తే వచ్చే దారిలో మిర్చి బజ్జీలు తినేదాన్ని. హాస్టల్లో ఉన్న మా అమ్మాయి గుర్తొచ్చి దిగులైతే సర్వపిండి చేసుకునేదాన్ని. సంతోషం వస్తే బిర్యానీ. ఏమీ రాకపోతే, ఏమీ రానందుకు జిలేబి. ఇప్పుడు కోపం వస్తే దానికి పెట్టడానికి బజ్జీ లేదు. అది అట్లాగే నిలబడి ఎవరి మీద పడదామా అని చూసేది. ఇంట్లో దొరికేది ఆయనొక్కడే.

ఆయనది డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం. రోజూ రైల్లో పోయి వస్తాడు. మాట తక్కువ మనిషి. అప్పడం గొడవ తర్వాత సాయంత్రాలు ఇంటికి వచ్చి, "డోర్నకల్ల తిన్న, ఆకలైత లేదు" అనడం మొదలుపెట్టాడు. పోనీలే, నా కళ్ల ముందు తినకపోతే నాకూ హాయి అనుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త కోపం కూడా వచ్చింది. నన్ను వదిలేసి బయట బజ్జీలు తింటున్నాడు కాబోలు అని.

ఒక సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి మేడ మీదికి పోయాను. ఆయన నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి ఉన్నాడు. పిట్టగోడ మీద టిఫిన్ డబ్బా. అందులో పొద్దున నేను వండిన అన్నమే, పప్పే. అప్పడాన్ని పప్పులో ముంచి, మెత్తగా నానేదాకా వేళ్లతో ఒత్తి, అప్పుడు నోట్లో పెట్టుకుంటున్నాడు.

"గిదేంది, గిక్కడ నిలబడి తినుడు?" అన్నాను.

దొంగతనం చేస్తూ దొరికిన పిల్లాడిలా చూశాడు. "నీ ముంగట తింటే నీకు బాధైతున్నది గదా."

"మరి అప్పడం ఎందుకు నానబెడుతున్నవ్?"

"కిందికి వినబడుతదేమోనని."

ఆ మాటకు నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. భయమేసింది. మా పెళ్లయిన కొత్తలో ఒకటే కంచం ఉండేది. అందులోనే ఇద్దరం తినేవాళ్లం. తర్వాత కంచాలు పెరిగాయి గానీ పక్కపక్కన కూర్చోవడం పోలేదు. ఇప్పుడు అది పోతోంది. నేను తగ్గించుకోవాలనుకున్నది బరువు. ఆయన పక్కన నా చోటు కాదు. ఆయన మళ్లీ నా పక్కన కూర్చుని కడుపునిండా తినాలి, నేను చూస్తూ కూర్చోగలగాలి. నాకు అంతకుమించి ఏమీ అక్కర్లేదనిపించింది. చేయి పట్టుకుని కిందికి తీసుకొచ్చాను. ఆ వారమంతా కలిసి తిన్నాం. పై వారం చేపల పులుసు వాసనకు మళ్లీ కోపమొచ్చి గిన్నె విసిరికొట్టాను. ఆయన డబ్బా తీసుకుని మెట్లెక్కాడు.

ఆ మధ్యలోనే భూపాలపల్లిలో మా పెద్దమ్మ మనుమరాలి పెళ్లికి పోయాను. ఒక ముసలామె నా చెంపలు పట్టుకుని, "గిట్ల ఎండిపోయినవేంది బిడ్డా, ఏం రోగమొచ్చె?" అంది. ఇంకో చుట్టం, "మస్తు మంచిగైనవ్ అక్కా" అంది. ఇద్దరి మాటలకూ ఒకే తీరుగా ఏడ్చాను. అందరూ అప్పగింతలకు ఏడుస్తుంటే నేను ఒక పూట ముందే మొదలుపెట్టానని మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు.

ఆ ఏడుపు సంగతి జనగామలో ఉన్న మా అమ్మ చెవిన పడింది. అమ్మను మేం అవ్వ అంటాం. వెంటనే ఫోన్ చేసింది.

"నీకు ఒడిబియ్యం పోసి ఏండ్లాయె బిడ్డా. ఒడి ఒట్టిగున్నది. అందుకే గిట్ల ఏడుస్తున్నవ్."

"ఆపరేషనైనంక కొందరికి గిట్లనే ఉంటదట అవ్వా. డాక్టర్ ముందే చెప్పింది."

"డాక్టరుకు ఒడిబియ్యం సంగతి ఏమెరుక?" అని ఫోన్ పెట్టేసింది.

నిజానికి డాక్టరమ్మ ఏం చెప్పిందో నాకూ సరిగ్గా తెలియదు. ఆపరేషన్‌కు ముందు అన్నీ చెప్పింది. అప్పుడు నా ధ్యాసంతా ఎన్ని కిలోలు తగ్గుతానన్న దాని మీదే ఉంది. చూపించుకోవడానికి మళ్లీ హైదరాబాద్ పోయినప్పుడు మా ఆయన, "నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అన్నాడు. అన్నీ చెప్పాను. గిన్నె విసరడం కూడా. ఆమె ఆశ్చర్యపోలేదు. ఒంట్లో కొవ్వు తొందరగా కరిగేటప్పుడు హార్మోన్లు అటూ ఇటూ అవుతాయంది. ఇన్నేళ్లూ బాధకు మందుగా వాడుకున్న తిండి ఒక్కసారిగా చేజారిందని, దాని కోసం మనసు దుఃఖపడుతుందని చెప్పింది. ఎవరితో చెప్పుకోకుండా దాచుకుంటేనే కష్టమని, అదే దవాఖానలో ఉన్న కౌన్సెలర్ దగ్గరికి పంపింది. అక్కడ గంటసేపు మాట్లాడాను. కోపం వచ్చినప్పుడు ముందు ఆ మాట పైకి అనమంది ఆమె. కోపం వస్తోంది అని. అంతే. అరవడానికి ముందు ఆ ఒక్క మాట. నెలనెలా రమ్మంది.

లిఫ్ట్ వద్దని మెట్లు దిగుతూ మా ఆయనతో, "నాకు పిచ్చేం లేదట" అన్నాను.

"నాకు ఎప్పుడో తెల్సు."

"తెలిస్తే నాకెందుకు చెప్పలే?" అని అక్కడే మెట్ల మీద దెబ్బలాడాను. అయినా గుండెల మీంచి బండ దించినట్టుగా ఉంది. బస్సులో హాయిగా నిద్రపోయాను.

అవ్వ మాత్రం పట్టు వదలలేదు. ఒడిబియ్యానికి ముహూర్తం పెట్టించి, చీర కొని, జాకెట్ కూడా కుట్టించి రమ్మంది. మా వైపు పుట్టింటివాళ్లు కూతురి ఒళ్లో పసుపు కలిపిన బియ్యం పోసి పంపుతారు. ఆ బియ్యం అత్తింట్లో వండి పదిమందికి పెట్టాలి. కిందటిసారి నాకు పోసినప్పుడు, పీట మీద కూర్చుంటే నా పొట్ట మోకాళ్ల దాకా వచ్చేది. పోసిన బియ్యం పోసినట్టే జారి నేలపాలైంది. "ఒడి ఏది? అంత పొట్టనే ఉన్నది" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా వంటింట్లో మిగిలిన బూరెలన్నీ తిన్నాను.

ఈసారి జనగామ పోయి కొత్త జాకెట్ తొడిగితే రెండు భుజాలూ జారిపోయాయి. అందులో నాలాంటి వాళ్లు ఇద్దరు పడతారు. అవ్వ తన పెట్టెలో దాచిన నా పాత ఆది జాకెట్ కొలతకని దర్జీకి ఇచ్చిందట. నేను పొట్ట కోయించుకుని, నెలల తరబడి గంజి తాగి, ఇంత కష్టపడితే మా అవ్వకు నేను ఇంకా అంతేనా! చెవులు వేడెక్కాయి. నోటి దాకా వచ్చిన మాటను ఆపుకుని, "అవ్వా, నాకు కోపం వస్తున్నది" అన్నాను.

"వస్తే రానియ్యి. జాకెట్ మీదనే గదా, అదేమనుకోదు" అంది. తర్వాత ఆ జాకెట్ చేతిలోకి తీసుకుని మెల్లగా, "నా పెట్టెల నువ్వు ఇంకా గింత లావుగనే ఉన్నవ్ బిడ్డా. ఫోన్ల చూసుడు వేరు. చేతికి నువ్వు కొత్తగున్నవ్" అంది.

ఇంక కోపం ఎక్కడుంటుంది? నవ్వొచ్చింది. మా మరదలు సూది దారం తెచ్చి, "వదినా, ఊపిరి పీల్చుకోకు" అంటూ రెండు వైపులా కుట్లు వేసింది.

పీట మీద కూర్చున్నాను. కొంగు పట్టాను. అవ్వ దోసిలి నిండా బియ్యం తీసి పోసింది. పసుపు వాసన గుప్పుమంది. ఒక్క గింజ జారలేదు. ఇంకో దోసిలి. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు. ఒళ్లో బరువు తెలుస్తోంది. ఇంతకాలం బరువంటే దించుకోవలసిందనే అనుకున్నాను. ఇది దించబుద్ధి కాలేదు. అవ్వ వంగి చూసి, "ఇగో, ఒడి దొరికింది" అంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ అడగలేదు. ఒడిబియ్యం పోసేటప్పుడు ఆడపిల్ల ఏడవకపోతేనే అడుగుతారు. ఎవరికీ జవాబు చెప్పే పని లేకుండా తనివితీరా ఏడ్చాను. లేచేసరికి ఒళ్లు తేలికపడింది. ఒడిబియ్యం పోయడం వల్లే కుదుటపడ్డానని మా అవ్వ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. నేను కాదనను.

మానుకోటకు తిరిగొచ్చాక ఆ బియ్యం వండాను. పప్పు, పచ్చిపులుసు, అప్పడాలు. వాడకట్టు ఆడవాళ్లు తిని వెళ్లిపోయారు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అలవాటుగా టిఫిన్ డబ్బా అందుకున్నాడు.

"డబ్బా అక్కడ పెట్టు. వచ్చి కూసో" అన్నాను.

అనుమానంగానే కూర్చున్నాడు. వడ్డించాను. నా గిన్నెలో కూడా ఆ పచ్చటి అన్నం నాలుగు ముద్దలంత పెట్టుకున్నాను. ఆయన అప్పడం తీసి, ఒకసారి నా వైపు చూసి, పప్పులో ముంచబోయాడు. చేయి పట్టుకున్నాను.

"నాననియ్యకు. కొరుకు."

"వద్దులే."

"కొరుకుమంటున్న గదా!"

కొరికాడు. ఇల్లంతా వినబడింది. నేను చెంచా పట్టుకుని, కోపం వస్తుందేమో, ఏడుపు వస్తుందేమో అని కాసేపు చూశాను. ఏదీ రాలేదు. ఆయన నమలడం ఆపి నా ముఖంలోకి చూస్తున్నాడు.

"ఏందట్ల చూస్తున్నవ్, తిను" అని ఇంకో అప్పడం వేశాను.