నాలుగు వేళ్ల ఎత్తు

సైకిల్ వెనక పది ట్రేల కోడిగుడ్లు కట్టుకొని దుకాణాలకు వేసే మనిషిని అందరూ గుడ్లాయన అనేవారు. మనిషి తాటిచెట్టంత పొడుగు. సీటు మాత్రం పిల్లల సైకిల్‌కున్నంత కిందకి ఉండేది.

దానికి కారణం ఉంది. గుడ్లు వేసేవాడు ఎక్కడ ఆగినా రెండు పాదాలూ నేలకు ఆనాలి. సైకిల్ ఒరిగితే సరుకు పోయినట్టే.

కుడి మోకాలు నొప్పి మొదలయ్యాక నా రిపేరు షాపుకొచ్చి, "మేస్త్రీ, ఇంకో వేలెడు దించు. కాలు చాచక్కర్లేకుండా ఉంటుంది" అన్నాడు. దించాను. అలా మూడుసార్లు దించింది ఈ చేతులే. నొప్పి పెరిగింది తప్ప తగ్గలేదు.

"డాక్టరేమన్నాడు?"

"సైకిల్ తొక్కొద్దన్నాడు. మరి ఆయన వచ్చి తొక్కుతాడా!"

ఒకరోజు సైకిల్‌కి స్టాండు వేసి, ఆయన్ని ఎక్కించి తొక్కమన్నాను. పక్కన గొంతుకూర్చొని చూశాను. మోకాలు పొట్టదాకా వస్తోంది. కాలు ఒక్కసారైనా సాగడం లేదు. బరువంతా ఆ కీలు మీదే. ఇన్నేళ్లూ సైకిల్‌నే చూశాను గానీ దాని మీద కాలిని చూడలేదు. నట్టు వదులుచేసి సీటు నాలుగు వేళ్లు లేపాను.

వారం తిరిగేసరికి కుంటడం తగ్గింది. వాళ్లావిడ షాపు ముందు ఆగి, "ఆ పూత మందులకి తగలేసిన డబ్బుతో నీకు రోజూ టీ పోయించినా సరిపోయేది అన్నయ్యా" అని నవ్వింది.

తొమ్మిదో రోజు మలుపులో ఆటో అడ్డొచ్చింది. బ్రేకు పట్టుకుంది. మునివేళ్లు తప్ప పాదం నేలకు ఆనలేదు. మూడు వందల గుడ్లు రోడ్డంతా పచ్చగా పారాయి. ఇంకోసారి పడితే ఇక పనిలోకి రావద్దని గుడ్ల యజమాని చెప్పేశాడు.

ఆ సాయంత్రమే గుడ్లాయన నా షాపుకొచ్చాడు. మోచేతులు గీరుకుపోయి ఉన్నాయి.

"దించు మేస్త్రీ."

"మోకాలు పోతుందయ్యా!"

"మోకాలు నాది. గుడ్లు నావి కావు."

"కొన్నాళ్లు ఆగి చూడు. ఈ ఎత్తు అలవాటవుతుంది."

"అలవాటయ్యేదాకా పడుతూ ఉండమంటావా? నువ్వు దించకపోతే చౌరస్తాలో వాడు దించుతాడు."

వాడైతే నట్టు సరిగా బిగించడు. అందుకని నేనే దించాను. గట్టిగా బిగించాను.

సీటెక్కాడు. రెండు పాదాలూ నేలకు ఆనించి చూసుకున్నాడు. మళ్లీ అంతలా వంగాల్సి వచ్చేసరికి కుడికాలు దానంతటది లేవలేదు. పంట్లాం పట్టుకొని చేత్తో ఎత్తి పెడల్ మీద పెట్టుకొని వెళ్లిపోయాడు.