తిండి ఆయ్తా సార్?

బెంగళూరు కాడుగోడి నుంచి రెండేళ్లపాటు నన్ను రోజూ ఆఫీసుకు దింపిన ఆటో ఆయన సొంతూరు హిందూపురం. పోలీసులు ఆపితే చాలు, నవ్వుతూ కన్నడంలో "తిండి ఆయ్తా సార్?" అని వాళ్ల టిఫిన్ సంగతి అడిగేవాడు. ఆలస్యమవుతోందని నాకు ఒళ్లు మండేది.

"నగుతా ఉంటే దినం ఎట్లో గడిచిపోతాదప్పా," అనేవాడు.

ఒక పొద్దున ఆఫీసు దారిలో ఆటో ఫిట్‌నెస్ పత్రం గడువు దాటిందని ఆపారు. ఆయన అదే ప్రశ్న అడిగాడు. "ఆయ్తు," తిన్నానంటూ పోలీసు తాళంచెవి లాక్కుని, ఆటోను స్టేషన్‌కు తోలుకుపోయాడు.

"మీరు తిన్నారా?" అన్నాను.

"బోణీ అయినాకే తింటానప్పా."

రెండేళ్లుగా ఆయన బోణీ నేనే. జేబులోంచి డబ్బులు తీసి ఇవ్వబోయాను. ఆయన నవ్వకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మిమ్మల్ని ఇంగా దింపల్యా కదప్పా."